వృద్ధాప్యానికి పొదుపు: ప్రచారంలో ఉన్న సలహాలు, షరీఅత్ ప్రమాణాలు

మనిషికి ఆయుష్షూ, సంపాదించే శక్తీ ఒకేసారి ముగియవు. చేతుల్లో సత్తువ తగ్గిన తరువాత కూడా పదేళ్ళో, ఇరవై ఏళ్ళో తినవలసి ఉంటుంది, మందులు కొనవలసి ఉంటుంది, తల దాచుకోవడానికి ఒక కప్పు కావలసి ఉంటుంది. పూర్వం ఈ భారాన్ని పొలమూ, ఉమ్మడి కుటుంబమూ, తండ్రి వృత్తిని అందిపుచ్చుకొన్న కొడుకులూ పంచుకొనేవారు. జీతం మీద బ్రతికే కుటుంబాలలో నేడు ఆ ఏర్పాటు చాలావరకు సడలిపోయింది. ఆ ఖాళీలోకి సలహాదారులు ప్రవేశించారు. బ్యాంకు కౌంటరు దగ్గరా, బీమా ఏజెంటు నోటా, పత్రికల ఆర్థిక పుటలలోనూ వినిపించే మాటలు ఇంచుమించు ఒక్కటే: చిన్న వయసులోనే మొదలుపెట్టాలి, చక్రవడ్డీని పనిచేయనివ్వాలి, వయసు పెరిగేకొద్దీ 'భద్రమైన' పత్రాలలోకి మారాలి, చివరికి పోగైన సొమ్ముతో జీవితాంతం నెలనెలా వచ్చే రాబడిని కొనుక్కోవాలి.

ఈ సలహాలను విన్న ముస్లిములు సాధారణంగా రెండు వర్గాలుగా చీలిపోతున్నారు. లోకమంతా చేస్తున్నదే కదా అని అన్నింటినీ స్వీకరించేవారు ఒక వర్గం. వడ్డీ భయంతో అన్నింటినీ వదలిపెట్టి, 'అల్లాహ్ చూసుకొంటాడు' అని ఏ ఏర్పాటూ చేసుకోనివారు రెండవ వర్గం. మొదటివారు ధర్మం విషయంలో నష్టపోతున్నారు. రెండవవారు అరవై దాటిన తరువాత బంధువుల గడపల మీద నిలబడవలసి వస్తున్నది. ఈ రెండింటికీ మధ్య దారి ఉన్నదా అన్నది ఊహాగానం కాదు, వేలాది ఇళ్ళలో అనుదినం తలెత్తే ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే, ప్రచారంలో ఉన్న సలహాలలో ఏది లెక్క, ఏది అనుభవం, ఏది అమ్మకందారు మాట, ఏది ధర్మవిరుద్ధం అని విడదీసి చూడవలసి ఉన్నది.

ముందుచూపు తవక్కుల్‌కు విరుద్ధమా?

ముందుగా రెండవ వర్గం వారి అపోహ తొలగాలి. దివ్యఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరా 47 నుండి 49 వరకు గల ఆయతులలో హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజు కలకు చెప్పిన భావం ప్రస్తావించబడింది. ఏడు సమృద్ధి సంవత్సరాలలో పండిన పంటలో తిండికి కావలసినంత తీసుకొని, మిగిలినదానిని వెన్నులలోనే నిలవ చేయాలనీ, తరువాత వచ్చే ఏడు కరువు సంవత్సరాలకు అదే ఆధారమనీ ఆయన సూచించారు. ఒక ప్రవక్త నోట వెలువడిన ఈ ప్రణాళికను తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరూ అనజాలరు.

మహాప్రవక్త (స) తన కుటుంబానికి ఒక సంవత్సరానికి సరిపడా ఆహారాన్ని ప్రక్కన పెట్టేవారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉల్లేఖించబడింది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిలో అత్యధిక భాగాన్ని దానంగా వ్రాయబోయినపుడు, మూడవ వంతుకు మించవద్దనీ, వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారిగా వదలడం మేలనీ ఆయన (స) బోధించారు. ముందుచూపు విశ్వాసానికి లోపం కాదని దీనివలన స్పష్టమవుతున్నది.

అయితే ముందుచూపుకూ ఒక హద్దు ఉన్నది. ధనాన్ని పోగుచేసి, పదే పదే లెక్కించుకొంటూ, అదే తనను శాశ్వతంగా నిలుపుతుందని భావించేవాని గతిని హుమజా సూరా వర్ణిస్తున్నది. రేపు తానేమి సంపాదిస్తాడో ఏ ప్రాణికీ తెలియదని లుఖ్మాన్ సూరా చివరి ఆయతు గుర్తు చేస్తున్నది. కనుక ఇస్లాం కోరేది ఏర్పాటు చేసుకోవడాన్నే. భవిష్యత్తును జేబులో వేసుకొన్నామన్న ధీమాను కాదు. ప్రచారంలో ఉన్న సలహాలు చాలావరకు దారి తప్పేది సరిగ్గా ఇక్కడే.

చక్రవడ్డీ మహిమ – దాని లెక్క

అన్ని సలహాలకూ పునాది చక్రవడ్డీ. 10,000 రూపాయలను 8 శాతం చక్రవడ్డీకి 30 సంవత్సరాలు ఉంచితే లక్ష రూపాయలు దాటుతుందని చెప్పగానే వినేవాని కళ్ళు మెరుస్తాయి. లెక్క నిజమే. కాని అందులో సగమే చెప్పబడింది. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే, 30 సంవత్సరాల తరువాత ఆ లక్ష రూపాయలతో కొనగలిగేది నేటి 17,500 రూపాయలతో కొనగలిగినంత మాత్రమే. పదింతలుగా కనిపించినది నిజానికి రెండింతలు కూడా కాలేదు. దానిపై ఆదాయపు పన్ను పడితే ఇంకా తగ్గుతుంది.

రెండవ విషయం, ఆ 8 శాతం 30 సంవత్సరాలు నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ మీద 1986 నుండి 2000 జనవరి వరకు 12 శాతం వడ్డీ ఉండేది. 2003 నాటికి అది 8 శాతానికి వచ్చింది, 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి దిగింది. 12 శాతం లెక్కతో వృద్ధాప్యాన్ని ఊహించుకొన్న ఉద్యోగి అంచనా నడిమధ్యలోనే తలక్రిందులయింది. 'నిశ్చితమైన రాబడి' అన్న మాట ఒక సంవత్సరానికో, అయిదు సంవత్సరాలకో చెల్లవచ్చు గాని, ఒక మనిషి జీవితకాలానికి చెల్లదు.

ఇక ధర్మం విషయం. అల్‌బఖరా సూరా 275 నుండి 279 వరకు గల ఆయతులు వర్తకాన్ని అనుమతించి, వడ్డీని నిషేధించి, దానిని వదలనివారికి అల్లాహ్ తరఫునా, ఆయన ప్రవక్త తరఫునా యుద్ధ ప్రకటన వినిపించాయి. ఖుర్‌ఆన్‌లో ఇంత తీవ్రమైన హెచ్చరిక పొందిన ఆర్థిక నేరం మరొకటి కనిపించదు. ఆధునిక బ్యాంకు వడ్డీ దీని క్రిందికి రాదన్న వాదన అప్పుడప్పుడూ వినవస్తున్నది. కాని ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన ఫిఖహ్ అకాడమీ 1985లో జిద్దాలో సమావేశమై, బ్యాంకు వడ్డీ నిషిద్ధమైన రిబాయేనని తీర్మానించింది.

మరి ధరల పెరుగుదలకు పరిహారంగా వడ్డీ తీసుకోరాదా అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను కూడా అదే అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో పరిశీలించింది. అప్పు ఏ నాణెంలో, ఎంత సంఖ్యలో ఇవ్వబడిందో అంతే తిరిగి తీర్చాలనీ, ధరల సూచికతో దానిని ముడిపెట్టరాదనీ నిర్ణయించింది. దీని తాత్పర్యం లోతైనది. అప్పు ఇవ్వడం సంపద పెంచుకొనే మార్గం కాదు, అది ఉపకారం. సంపద విలువను నిలుపుకోదలచినవాడు నోట్ల రూపంలో కాక భూమి, ఇల్లు, సరుకు, వ్యాపారంలో వాటా వంటి వస్తు రూపంలో దానిని ఉంచుకోవాలి, వాటితో వచ్చే నష్టభయాన్ని కూడా మోయాలి. నష్టపు బాధ్యతను భరించేవానికే లాభంపై హక్కు అన్న ఫిఖహ్ సూత్రం ఇక్కడ కేంద్రబిందువు. వడ్డీలో ఆక్షేపణీయమైనది ఏదనగా, లాభం ఒకరికి ముందే ఖాయమై నష్టం పూర్తిగా మరొకరి నెత్తిన పడడం.

భద్రత ఎవరిది?

'భద్రమైన' పెట్టుబడి అని చెప్పబడేవాటి చరిత్ర కూడా పరిశీలించదగినదే. యూనిట్ ట్రస్టు వారి యూనిట్ పథకం 1964లో మొదలయింది. పదవీ విరమణ చేసినవారు, వితంతువులు దానిని బ్యాంకుతో సమానంగా నమ్మారు. లోపల షేర్ల విలువ పడిపోతున్నా బయట ప్రకటించిన ధర మాత్రం ఎక్కువగానే నిలిచి ఉన్నది. 2001 జూలైలో ఆ యూనిట్ల తిరుగు కొనుగోలును హఠాత్తుగా ఆపివేశారు. లక్షలాది కుటుంబాలు తమ పొదుపు ఎక్కడ ఉన్నదో తెలియక తల్లడిల్లాయి. ఆ రోజులలోనే హైదరాబాదులో కొన్ని సహకార పట్టణ బ్యాంకులు మూతపడి, చిన్న డిపాజిటుదారులు వాటి తలుపుల ముందు వరుసలు కట్టారు. నేడు బ్యాంకు డిపాజిట్లకు బీమా ఉన్నది. 2020 ఫిబ్రవరి నుండి దాని పరిమితి ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి 5 లక్షల రూపాయలు. అంతకు మించినది బ్యాంకు నిలబడినంత వరకే భద్రం.

దీనివలన బ్యాంకులు పనికిరానివని తీర్మానించనక్కరలేదు. వడ్డీ లేని కరెంటు ఖాతా, అవసరానికి సేవింగ్స్ ఖాతా లేకుండా నేడు జీవనం గడవదు. సేవింగ్స్ ఖాతాలో వద్దన్నా జమయ్యే వడ్డీని, పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలని ఉలమా సూచించారు. ఇక్కడ గ్రహించవలసినది వేరు. హామీ అన్నది నష్టాన్ని మాయం చేయదు, దానిని మరొకచోటికి నెట్టి కనబడకుండా చేస్తుంది. కనబడని నష్టం కనబడే నష్టం కంటే ప్రమాదకరం.

షేర్లు ఎప్పటికైనా పెరుగుతాయా?

వడ్డీ వద్దన్నవానికి వెంటనే దొరికే సలహా షేర్లు. కంపెనీలో షేరు అంటే యాజమాన్యంలో వాటా. లాభనష్టాలు రెండూ ఉంటాయి కనుక మూలంలో ఇది ముషారకాకు సన్నిహితమైనది. అయితే కంపెనీ ఏ వ్యాపారం చేస్తున్నది, ఎంత వడ్డీ అప్పు తెచ్చుకొన్నది అన్నవి చూడక తప్పదు. మద్యం, జూదం, వడ్డీ బ్యాంకింగు వంటి వాటిలో వాటా కొనడం కూడదనడంలో భేదాభిప్రాయం లేదు. మూల వ్యాపారం ధర్మసమ్మతమైనా, కొంత వడ్డీ లావాదేవీ కలిసిన కంపెనీల విషయంలో మాత్రం ధర్మవేత్తలు రెండు విధాలుగా చెప్పారు. కొందరు పూర్తిగా వద్దన్నారు. మరికొందరు హద్దులతో అనుమతించారు. బహ్రైన్‌లోని అయోఫీ సంస్థ 21వ షరీఅత్ ప్రమాణం ప్రకారం వడ్డీ అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతం మించరాదు, వడ్డీ డిపాజిట్లు కూడా 30 శాతం మించరాదు, నిషిద్ధ ఆదాయం మొత్తం ఆదాయంలో 5 శాతం మించరాదు. ఆ కొద్ది నిషిద్ధ భాగాన్ని కూడా లెక్కకట్టి దానం చేసి లాభాన్ని శుద్ధి చేసుకోవాలి.

ఈ అంకెలు ఇజ్తిహాదుతో ఏర్పడినవే గాని ఖుర్‌ఆన్‌లో ప్రత్యక్షంగా చెప్పబడినవి కావు. మార్కెట్ ధర పెరిగితే అదే కంపెనీ అనుమతించబడిన జాబితాలోకి రావడం, ధర పడిపోతే బయటికి పోవడం – అప్పు ఒక్క రూపాయి కూడా మారకపోయినా – ఈ కొలతలోని బలహీనతను చూపుతున్నది. కనుక 'షరీఅత్ సూచిక' అన్న పేరు కనబడగానే మనస్సాక్షిని అటకెక్కించడం తగదు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో 2010 డిసెంబరులో షరీఅత్ సూచిక మొదలయింది. షరీఅత్ జల్లెడతో నడిచే మ్యూచువల్ ఫండ్లు కూడా దేశంలో ఉన్నాయి. అవి సౌకర్యం కలిగించాయన్నది నిజమే. బాధ్యతను మాత్రం తీసివేయలేదు. ఇక షేరు చేతికి రాకముందే అమ్మడం, ఫ్యూచర్స్, ఆప్షన్స్ వంటివి జూదానికి, గరర్‌కు దగ్గరివి కనుక చర్చకే తావు లేదు.

షేర్ల విషయంలో మరొక ప్రసిద్ధ మాట, 'ఓపిక పట్టినవాడు ఎన్నడూ నష్టపోడు' అన్నది. జపాన్‌లో నిక్కీ సూచిక 1989 డిసెంబరు చివర 38,915 పాయింట్లకు చేరింది. ఆ ఎత్తును మళ్ళీ దాటినది 2024 ఫిబ్రవరిలో. అంటే 34 సంవత్సరాలు. 1989లో 45 ఏళ్ళ వయసున్న మదుపుదారుడు 79వ ఏట గాని తన పాత అంకెను చూడలేకపోయాడు. బంగారం సంగతీ అంతే. 1980 జనవరిలో డాలర్లలో అది అందుకొన్న శిఖరాన్ని మళ్ళీ దాటడానికి 2008 దాకా పట్టింది. రూపాయి విలువ పడిపోతూ రావడం వలన మన దేశంలో ఈ సంగతి కనబడలేదు. సుదీర్ఘ ఓపికకు ఫలితం తరచుగా లభిస్తుందనడం అనుభవం. తప్పక లభిస్తుందనడం అమ్మకం.

ఖర్చు సంగతి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఫండు నడిపేవారికి ఏటా మొత్తంలో 1 శాతం పోతే, 30 సంవత్సరాలలో చివరి మొత్తంలో నాలుగవ వంతుకు పైగా వారి పాలవుతుంది. అమెరికాలో జాన్ బోగుల్ 1976లో సామాన్యుల కొరకు తక్కువ ఖర్చుతో ఇండెక్స్ ఫండును ప్రారంభించినది ఈ లెక్క ఆధారంగానే. సలహా ఇచ్చేవానికి కమీషను ఎవరు ఇస్తున్నారని అడగడం అమర్యాద కాదు.

నాలుగు శాతం సూత్రం

పదవీ విరమణ తరువాత ఏటా ఎంత వాడుకోవచ్చునన్న ప్రశ్నకు ప్రపంచమంతటా చెప్పే జవాబు 4 శాతం. ఈ సంఖ్యను విలియం బెంగెన్ అనే అమెరికా సలహాదారుడు 1994లో ప్రతిపాదించాడు. 1926 నుండి ఆ దేశపు మార్కెట్ లెక్కలను తీసుకొని, సొమ్ములో సగమో, అంతకు కొంచెం ఎక్కువో షేర్లలోనూ మిగిలినది ప్రభుత్వ బాండ్లలోనూ ఉంచి, మొదటి సంవత్సరం 4 శాతం, ఆపైన ధరల ప్రకారం పెంచుతూ వాడుకొంటే 30 సంవత్సరాల వరకు సొమ్ము చాలుతుందని అతడు కనుగొన్నాడు. పరిశోధనగా అది విలువైనదే. కాని అది ఒక దేశపు, ఒక శతాబ్దపు, ఒక ప్రత్యేకమైన మిశ్రమపు ఫలితం. దానిని హైదరాబాదులోనో, కర్నూలులోనో ఉన్న ముస్లిం ఉద్యోగికి యథాతథంగా అప్పగించడం ఇతరుల కొలతలతో కుట్టిన షేర్వానీని తొడగడం వంటిది.

ఎందుకనగా, ఆ మిశ్రమంలో దాదాపు సగం బాండ్లు. అవి వడ్డీ పత్రాలు. ముస్లిం వాటిని తీసివేస్తే ఆ సూత్రానికి ఆధారమే ఉండదు. వాటికి బదులుగా కొన్ని దేశాలలో సుకూక్ ఉన్నాయి. మన దేశంలో సామాన్య మదుపుదారునికి అవి అందుబాటులో లేవు. '100లో వయసు తీసివేస్తే మిగిలినంత శాతం షేర్లలో' అన్న సూత్రానికీ ఇదే లోపం. 60 ఏళ్ళవానికి అది 60 శాతం వడ్డీ పత్రాలను సిఫారసు చేస్తుంది.

అంతేకాక ఈ లెక్కలలో జకాత్‌కు చోటు లేదు. సొమ్ము నగదుగానో, బంగారంగానో ఉంటే 4 శాతం ఇంటి ఖర్చుకు తోడు 2.5 శాతం జకాత్ కలిసి ఏటా 6.5 శాతం కరిగిపోతుంది. అసలు ఏమీ వాడుకోకపోయినా, 20 లక్షల రూపాయలను బీరువాలో ఉంచి 30 చాంద్రమాన సంవత్సరాలు జకాత్ తీస్తే మిగిలేది సుమారు 9 లక్షల 36 వేలు. సొమ్మును కదలనివ్వకుండా దాచుకోవడం షరీఅత్‌కు ఇష్టం లేదనడానికి ఈ లెక్క ఒక నిదర్శనం. అనాథల సొమ్మును జకాత్ తినివేయకుండా వ్యాపారంలో పెట్టండని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించినట్లు ఇమాం మాలిక్ ముఅత్తాలో ఉల్లేఖించబడింది. వడ్డీకి అప్పివ్వడం, పాతిపెట్టడం అనే రెండు మార్గాలనూ మూసివేసి, పని కల్పించే పెట్టుబడి వైపు సంపదను నడిపించడమే షరీఅత్ ఉద్దేశం. దీర్ఘకాలం ఉంచుకొనే షేర్లలో కంపెనీకి చెందిన జకాత్ వర్తించే ఆస్తుల భాగంపైనే జకాత్ అని పలువురు ధర్మవేత్తలు చెప్పారు కనుక అక్కడ భారం తగ్గుతుంది. అద్దె ఇంటి విలువపై జకాత్ లేదు, మిగిలిన అద్దె సొమ్ముపై మాత్రమే ఉన్నది.

ప్రావిడెంట్ ఫండు, పెన్షను, యాన్యుటీ

ఉద్యోగులను ఎక్కువగా బాధించే సందేహం ప్రావిడెంట్ ఫండు. దీనిపై ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897–1976) ఉర్దూలో ఒక ప్రత్యేక పుస్తిక వ్రాశారు. ఆయన వాదన ఇది: నిర్బంధంగా కోసుకొనే భాగం ఉద్యోగి చేతికి రానేలేదు, కనుక అతడు దానిని అప్పు ఇచ్చినట్లు కాదు. యజమాని చివరలో కలిపి ఇచ్చే మొత్తం, దానికి 'వడ్డీ' అని పేరు పెట్టినా, ఫిఖహ్ దృష్టిలో వేతనంలో భాగమే గాని రిబా కాదు. సొమ్ము చేతికి వచ్చిన తరువాతనే జకాత్ వర్తిస్తుంది, గడచిన సంవత్సరాలకు కాదు. అయితే ఉద్యోగి తన ఇష్టంతో అదనంగా కోయించుకొన్న భాగంపై వచ్చేదానిలో వడ్డీ పోలిక ఉన్నది కనుక దానికి దూరంగా ఉండాలని ఆయన సూచించారు. ఈ నిర్ణయంతో ఏకీభవించని ఉలమా కూడా ఉన్నారు. అందుచేత ఉద్యోగి తాను విశ్వసించే ధర్మవేత్తను సంప్రదించడం మేలు. నిర్బంధం, ఐచ్ఛికం అన్న ఈ భేదాన్ని మరువరాదు.

పాత పెన్షను యజమాని సేవకు ప్రతిగా ఇచ్చేది కనుక దానిపై పెద్ద చర్చ లేదు. కేంద్ర ప్రభుత్వంలో 2004 జనవరి 1 తరువాత, ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో ఉద్యోగి పేరిట సొమ్ము షేర్లలో, బాండ్లలో పెట్టబడుతుంది. విరమణ సమయంలో కొంత భాగంతో యాన్యుటీ కొనవలసి ఉంటుంది. యాన్యుటీ అంటే ఒకేసారి సొమ్ము కట్టి, బ్రతికినంత కాలం నెలనెలా సొమ్ము పుచ్చుకోవడం. డబ్బుకు డబ్బు మార్పిడిలో హెచ్చుతగ్గులు రిబా. ఎంత వస్తుందో ఆయుష్షుపై ఆధారపడడం గరర్. ఈ రెండు అభ్యంతరాలూ ఇందులో ఉన్నాయి. నిర్బంధమైన చోట ఉద్యోగిపై దోషం ఎంత అన్నది ధర్మవేత్తలు తేల్చవలసినది. స్వేచ్ఛ ఉన్నచోట మాత్రం యాన్యుటీని తానుగా కోరి కొనడానికి సమర్థన దొరకడం కష్టం.

ఇరుగుపొరుగువారు, తోటి ఉద్యోగులు వేసుకొనే చీటీల విషయంలోనూ ఈ వివేచన అవసరం. పాట లేకుండా అందరూ సమానంగా కట్టి, వంతులవారీగా సమానంగా పుచ్చుకొనేది పరస్పర రుణం, అందులో దోషం లేదు. వేలం చీటీలో అవసరంలో ఉన్నవాడు తక్కువ పుచ్చుకొని ఎక్కువ కడతాడు, ఆ తేడాను తక్కినవారు పంచుకొంటారు. దీనిని వడ్డీ నుండి వేరు చేయడం సులభం కాదు.

హలాల్ అన్న ముద్ర

వడ్డీని తప్పించుకోదలచిన ముస్లిం నిష్ఠనే పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేసేవారున్నారు. 2019 జూన్‌లో బెంగుళూరు కేంద్రంగా హలాల్ పెట్టుబడి పేరుతో సొమ్ము సేకరించిన ఒక సంస్థ కుప్పకూలింది. వేలాది కుటుంబాలు పెళ్ళిళ్ళకూ, వృద్ధాప్యానికీ దాచుకొన్న సొమ్ము పోగొట్టుకొన్నాయి. గడ్డమూ, టోపీ, ఆయతులు ముద్రించిన కరపత్రమూ ఖాతా పుస్తకానికి ప్రత్యామ్నాయం కావు. ఇటువంటి సంస్థలను గుర్తించడానికి ఫిఖహే ఒక గీటురాయిని అందించింది. నిజమైన ముదారబాలో లాభం నిష్పత్తిగా నిర్ణయించబడుతుంది గాని మూలధనంపై శాతంగా కాదు. కొన్ని నెలలు లాభం రాదు, కొన్నిసార్లు నష్టం కూడా వస్తుంది. కనుక నెలనెలా తప్పకుండా ఇంత 'లాభం' ఇస్తానని చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడు, లేదా వడ్డీ ఇస్తున్నాడు. రెండూ కానిది ఉండదు.

నిజాయితీ గల సంస్థలు కూడా పరిశీలనకు అతీతం కావు. మలేషియాలోని తబుంగ్ హాజీ 1963లో ఏర్పడింది. వడ్డీకి భయపడి సొమ్మును ఇంట్లో దాచుకొనే గ్రామీణ ముస్లిములు హజ్ కొరకు ధర్మసమ్మతంగా పొదుపు చేసుకొనడానికి ఆర్థికవేత్త ఉంకు అజీజ్ 1959లో చేసిన సూచన దానికి మూలం. అది లక్షలాది మందిని హజ్‌కు పంపింది. అయినా బాధ్యతల కంటే ఆస్తుల విలువ తగ్గిపోవడంతో 2018లో దానిని ప్రభుత్వం పునర్‌వ్యవస్థీకరించవలసి వచ్చింది. ఉద్దేశం పవిత్రమైనంత మాత్రాన లెక్క తప్పకుండా ఉండదు.

తెలుగు నేలకు ఈ చర్చ కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాన్ని బోధించిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ 1940లలోనే ఇస్లాం, వడ్డీ సిద్ధాంతం గురించి గ్రంథం వ్రాశారు. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) ఆ నగరంలో నడచిన వడ్డీలేని రుణ సంఘాల గురించి 1955లో ప్రపంచ పాఠకులకు తెలియజేశారు. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీరహిత బ్యాంకింగును సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడయింది. కనుక వ్యవస్థ మారేవరకు వ్యక్తులూ, మొహల్లా సంఘాలూ తమంతట తాము మార్గం వెదకుకోక తప్పదు.

సలహాదారులు చెప్పనివి

ప్రచారంలో ఉన్న సలహా మనిషిని ఒంటరివానిగా ఊహించుకొంటుంది. షరీఅత్ అతనిని కుటుంబం మధ్యన చూస్తుంది. అశక్తులైన తల్లిదండ్రుల పోషణ సంతానంపై విధి. అల్‌ఇస్రా సూరా 23వ ఆయతు వారిపట్ల సద్వర్తనను అల్లాహ్ ఆరాధనతో జోడించి చెప్పింది. అంటే పిల్లల చదువుకూ, శీలానికీ చేసిన ఖర్చు కూడా వృద్ధాప్యపు ఏర్పాటులో భాగమే. అయితే దీనిని సాకుగా తీసుకొని ఆడపిల్ల కట్నానికీ, విందులకూ ఉన్నదంతా ఊడ్చిపెట్టి, తరువాత కొడుకుపై భారం మోపడం ధర్మం కాదు. వృధా వ్యయం చేసేవారిని షైతాను సోదరులుగా అదే సూరా వర్ణించింది.

గల్ఫ్‌కు వెళ్ళినవారి విషయం మరీ ఆలోచించదగినది. కడప, రాయచోటి, నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల నుండి వెళ్ళిన శ్రామికులకు అక్కడ పెన్షను ఉండదు. చివరలో గ్రాట్యుటీ మాత్రమే ఉంటుంది. ఎమిరేట్స్ చట్టం ప్రకారం మొదటి అయిదేళ్ళకు ఏటా 21 రోజుల మూలవేతనం, ఆ తరువాత ఏటా 30 రోజుల మూలవేతనం. పదేళ్ళు పనిచేసినవానికి 255 రోజుల వేతనం, అంటే ఎనిమిదిన్నర నెలల జీతం. పదేళ్ళ యౌవనానికి ఇదే తుది మొత్తం. పంపిన ప్రతి రూపాయినీ పెద్ద ఇంటి గోడలలో పెట్టి, తిరిగి వచ్చిన తరువాత అదే ఇంట్లో రాబడి లేక కూర్చున్నవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అదే సొమ్ముతో చిన్న ఇల్లూ, అద్దెకిచ్చే రెండు గదులో, ఒక దుకాణమో ఏర్పరచుకొన్నవాని స్థితి వేరు.

మరొక విస్మృత విషయం వారసత్వం. బ్యాంకు కాగితంలో నామినీగా వ్రాసిన పేరు షరీఅత్ దృష్టిలో వారసత్వాన్ని మార్చదు. నామినీ సొమ్మును అందుకొని అన్నిసా సూరాలోని వాటాల ప్రకారం పంచవలసిన అమానతుదారుడు మాత్రమే. షేర్ల విషయంలో నామినీ సంపూర్ణ యజమాని కాడని సుప్రీం కోర్టు కూడా 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. ఆస్తులూ, అప్పులూ, చెల్లించని మహర్, బాకీ పడిన జకాత్ – వీటిని ఒక కాగితం మీద వ్రాసి ఇంటివారికి తెలియజేయడం ఏ పెట్టుబడి కంటేనూ ముందు జరగవలసిన పని.

క్రమం

పై చర్చనుండి ముస్లిం గృహస్థుకు ఒక క్రమం రూపొందుతున్నది. మొదట వడ్డీ అప్పులు తీర్చివేయాలి. ఏ పెట్టుబడీ ఇంత నిశ్చితమైన మేలు చేయదు. పిదప కొన్ని నెలల ఖర్చు సులభంగా అందేటట్లు ఉంచుకోవాలి. తరువాత తలదాచుకొనే ఇల్లు, ఆపైన తనకు అర్థమయ్యే వ్యాపారంలో వాటా, అద్దె వచ్చే ఆస్తి, పరిశీలించి ఎంచుకొన్న షేర్లు, కొంత బంగారం – ఈ విధంగా ఒకే చోట కాక పలుచోట్ల విభజించాలి. వ్యాపారంలో వాటా తమ్మునితో అయినా సరే, ఒప్పందం వ్రాతలో ఉండాలి. అల్‌బఖరా 282వ ఆయతు బాకీలను వ్రాసుకోవాలని ఆదేశించినది బంధువులను మినహాయించి కాదు. శరీరం సహకరించినంత కాలం తేలిక పనిని విడువకుండా ఉండడం కూడా ఒక ఏర్పాటే. అరవై ఏళ్ళకు మనిషి పనికిరాడన్నది ఉద్యోగ నిబంధన గాని దైవ నిబంధన కాదు.

చివరగా ఒక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. వడ్డీని విడిచినవానికి లోకంలో తప్పక ఎక్కువ సంపద లభిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్ని సంవత్సరాలలో అతని పొరుగువాని డిపాజిట్ పెరుగుతూ ఉండగా అతని షేర్లు పడిపోవచ్చు, అతని దుకాణం మూతపడవచ్చు. హరామ్‌ను వదలడం లాభసాటి బేరమని ప్రచారం చేయడం ఆ త్యాగాన్ని చులకన చేయడమే అవుతుంది. దాని ఖరీదు చెల్లించవలసి ఉంటుంది. ఆ ఖరీదు ఒంటరిగా ఒక్కొక్క ఇల్లు చెల్లించవలసి రావడమే నేటి దుస్థితి. జకాత్‌ను క్రమబద్ధంగా సేకరించి, వృద్ధులకు నెలనెలా అందజేసే బైతుల్‌మాల్ ప్రతి పట్టణంలో ఉంటే, వడ్డీని విడిచిన వృద్ధుడు తన నిష్ఠకు శిక్ష అనుభవించవలసిన అవసరం ఉండదు. వ్యక్తి తన సొమ్మును వడ్డీ నుండి కాపాడుకోవడం ఎంత విధియో, అలా కాపాడుకొన్నవానిని ముదిమిలో ఆదుకోవడం సమాజానికి అంతే విధి.